నూనె పూసిన స్టిక్కర్లు

కొత్త గిన్నె ఆ ఇంట్లో అడుగుపెడితే ముందు దాని వీపు మీది చీటీ ఊడాలి. ఆ తర్వాతే అది ఇంటి గిన్నె. అంతవరకూ నానమ్మ లెక్కలో అది ఇంకా దుకాణం వాడి సొత్తే. గాజు సీసా, ప్లాస్టిక్ డబ్బా, అద్దం, కుర్చీ, ఏది కొన్నా ఆవిడ మొదటి పని చీటీ తీయడమే. సగం చించి వదిలేసిన చీటీలన్నా, వాటి కింద మిగిలి దుమ్ము పట్టి నల్లబడ్డ జిగురన్నా ఆవిడకు ఒంటి మీద జెర్రి పాకినట్టుండేది. చుట్టాల ఇంటికి వెళితే కంచం తిరగేసి చూసే అలవాటు కూడా ఉంది. అడుగున నల్లటి మచ్చ కనబడిందా, ఆ పూట ఆవిడకు ఆకలి ఉండదు.

"కాసేపు కదలకుండా కూర్చుంటే నన్ను కూడా సబ్బునీళ్ళలో నానబెట్టేస్తుంది. అందుకే అస్తమానం బజారుకి పోతుంటాను," అనేవాడు తాతయ్య.

అయితే ఆ పిచ్చికి ఒక పద్ధతి ఉంది, అది ఒప్పుకోవాలి. కత్తి ముట్టేది కాదు. గీత పడితే ఆ గీత మనిషి పోయినా పోదంటుంది. ముందు గోరువెచ్చని సబ్బునీళ్ళు. నీళ్ళు తగలకూడని వస్తువైతే జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు, అదీ జానెడు దూరం నుంచి. మెత్తబడ్డాక పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో నెమ్మదిగా లేపాలి. మిగిలిన జిగురుకు వంటనూనె, నూనె జిడ్డుకు మళ్ళీ సబ్బు. మరీ మొండిదైతే స్పిరిట్, అది కూడా కిటికీలు తెరిచి, పొయ్యి ఆర్పి, డ్రయ్యరు పక్కన పెట్టేశాకే. ఏది రాసినా ముందు ఎవరికీ కనబడని మూల ఒక చుక్క రాసి, కాసేపు ఆగి చూడాలి. వీధిలో ఎవరింట్లో చీటీ మొండికేసినా, "పెద్దమ్మగారూ, ఇది మీ చేతికి తప్ప లొంగేలా లేదండీ" అని పట్టుకొచ్చేవాళ్ళు. ఆ మాట కోసం ఆవిడ పొయ్యి మీది పనైనా వదిలేసేది.

ఆవిడను నానమ్మా అని పిలిచేది నిజానికి ఒక్క మనిషే. కొడుకు కూతురు, ఐదేళ్ళది. ఇంట్లో అందరూ పిట్ట అంటారు. పిట్ట పుట్టినప్పటి నుంచి ఆవిడ తనను తాను నానమ్మ అనే అనుకుంటోంది కాబట్టి మనమూ అలాగే అందాం. చిక్కల్లా ఏమిటంటే, పిట్టకు ఒక అమ్మమ్మ కూడా ఉంది.

అమ్మమ్మ, అంటే కోడలి తల్లి, రెండు వీధుల అవతల ఒక మేడ మీద వాటాలో అద్దెకుండేది. పాలు పొంగిపోతే నవ్వుతుంది. కప్పు పగిలితే నవ్వుతుంది. తాళంచెవి ఎక్కడ పెట్టిందో తెలియక ఇల్లంతా తిరగేసి, చివరికి అది తన చేతిలోనే కనబడితే కూలబడి మరీ నవ్వుతుంది. ఆ నవ్వు వింటే నానమ్మకు ఒళ్ళు మండేది. కుర్చీల మీద మడతపెట్టని బట్టలు పెట్టుకుని నవ్వడం ఎవరికి చేతకాదు? ఇల్లు అద్దంలా పెట్టుకుని నవ్వమను, చూద్దాం. పైకి మాత్రం ఎప్పుడు ఎదురుపడ్డా "వదినగారూ, బాగున్నారా" అని చేతులు పట్టుకునేది. వియ్యపురాలితో వైరం పెట్టుకుంటే కాపురం చేసే కొడుకుకే కదా నొప్పి.

కొడుకూ కోడలూ పిట్టతో వేరే ఇంట్లో ఉంటారు; ఇద్దరికీ పని పడ్డ రోజున పిల్లను ఈ ఇంట్లోనో అమ్మమ్మ ఇంట్లోనో దింపేవాళ్ళు. ఇంతలో కోడలి ఆఫీసు వేళలు మారాయి. వచ్చే నెల నుంచి బడి వదిలాక చీకటి పడేదాకా పిట్ట ఇద్దరిలో ఒకరి దగ్గర ఉండాలి. ఎవరి దగ్గరన్నది ఆదివారం వచ్చి చెబుతానన్నాడు కొడుకు.

ఆదివారం దాకా ఆగే ఓపిక నానమ్మకు ఎక్కడిది? ముందుగదిలో సామాను తీయించి చిన్న బల్ల కొనేసింది. దాని చీటీ తీసేసింది. పిట్ట చేతికి అందే ఎత్తులో బడిసంచి తగిలించుకోవడానికి కొక్కెం కొట్టించింది.

"ఆలూ లేదు చూలూ లేదన్నట్టుంది నీ హడావిడి," అన్నాడు తాతయ్య.

"ఇక్కడ కాకపోతే ఇంకెక్కడుంటుంది? ఆ ఇంట్లోనా? అక్కడ పిల్ల కూర్చోవాలంటే ముందు కుర్చీని వెతకాలి."

ధీమాగానే అంది. కానీ మర్నాడు కొడుకు ఫోన్‌లో మాటల్లో మాటగా, అత్తగారు ఇల్లు ఖాళీ చేస్తున్నారని చెప్పేసరికి ఆ ధీమా కాస్తా జారిపోయింది. ఎందుకు ఖాళీ చేస్తోందో అతను చెప్పలేదు, ఈవిడ అడగలేదు. అడగడమెందుకు? తెలుస్తూనే ఉంది. బడి పక్కనే ఇల్లు చూసుకుని ఉంటుంది. గంట కొట్టగానే పిల్ల నడిచి వచ్చేసేంత దగ్గర్లో. పైకి నవ్వులాటలే గానీ లోపల ఎంత నడిపింది మహాతల్లి! ఆ పూట నానమ్మకు ముద్ద దిగలేదు.

శుక్రవారం పొద్దున్న కోడలు ఫోన్ చేసింది.

"అత్తయ్యా, మీరో సాయం చెయ్యాలి. అమ్మ వాళ్ళింట్లో ఫ్రిజ్ ఇంటిగలావిడది. ఎలా ఇచ్చానో అలాగే అప్పగించండంటోంది. పిట్టేమో దాన్నిండా స్టిక్కర్లు అంటించేసింది. అమ్మ కత్తి పట్టుకుని గీకబోతోంది, నేను ఆపాను."

"ముందు ఆ కత్తి కింద పెట్టమను," అంది నానమ్మ. "నేను వస్తున్నా."

సంచి సర్దుకుంటూ ఉంటే ఆవిడకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. పిట్ట బడి నుంచి నేరుగా అక్కడికే వస్తుంది. అద్దంలా మెరిసే ఫ్రిజ్ చూస్తుంది. ఎవరు చేశారని అడుగుతుంది. మీ నానమ్మే చేసిందని ఆ నవ్వే మనిషి తన నోటితోనే చెప్పాలి. అంతకన్నా ఏం కావాలి?

ఇన్నేళ్ళలో వియ్యపురాలి వంటింట్లోకి వెళ్ళడం నానమ్మకు అదే మొదటిసారి. ఎప్పుడొచ్చినా ముందుగదిలోనే కూర్చుని లేచేది. అట్టపెట్టెల మధ్య నుంచి దారి చేసుకుని లోపలికి వెళ్ళి, ఫ్రిజ్ చూసి నిలబడిపోయింది.

తెల్లటి ఫ్రిజ్ అన్నారు గానీ తెలుపు ఎక్కడుందో వెతుక్కోవాలి. చేపలు, బాతులు, నక్షత్రాలు, విమానాలు, టోపీ పెట్టుకున్న ఎలుగుబంటి. కింద మోకాలెత్తున ఉన్నవి పాతవి, రంగు వెలిసి అంచులు చుట్టుకుపోయాయి. పైకి వెళ్ళేకొద్దీ కొత్తవి. పిల్ల ఎదిగినకొద్దీ బొమ్మలూ ఎదిగాయి. అన్నిటికన్నా పైన, ముక్కాలిపీట ఎక్కితే తప్ప అందని చోట, ఒక పచ్చ మొసలి ఉంది.

"రండి వదినగారూ!" అమ్మమ్మ ఎదురొచ్చింది. "మీరొచ్చారు, ఇక నాకు బెంగ లేదు. మిమ్మల్ని చూస్తే జిగురే భయపడి ఊడిపోతుందట."

ఇది పొగడ్తో పోటో నానమ్మకు తెలియలేదు. నవ్వి, ఫ్రిజ్ స్విచ్ ఆపించి, డ్రయ్యరు తీసింది. కింద వరసలో ఒక చేప మీద వెచ్చటి గాలి పట్టించి, కార్డు అంచు దూర్చి, తోక దగ్గర నుంచి మెల్లగా లాగింది. చేప చిరగకుండా, జిగురుతో సహా మొత్తంగా వచ్చేసింది.

"అబ్బ! ఎంత చక్కగా వచ్చిందో!" అమ్మమ్మ పరుగున వెళ్ళి పాత క్యాలెండరు కాగితం తెచ్చి, దాని నున్నటి వైపు చేపను అంటించుకుంది. అది బుద్ధిగా అంటుకుంది కూడా. "అన్నీ ఇలాగే తీసిపెట్టండి వదినగారూ, దాచుకుంటాను."

"స్టిక్కర్లు దాచుకోవడమేంటండీ, చిన్నపిల్లలా! దుకాణంలో కావలసినన్ని."

"ఇవి దుకాణంలో దొరకవు." అమ్మమ్మ పీట మీద కూర్చుంది. "సాయంత్రం వాళ్ళమ్మ వచ్చి పద అంటే చాలు, ఇదేమో వెళ్ళనంటే వెళ్ళనని ఏడుపు. చెప్పులు దాచేసేది. మంచం కింద దూరేది. ఓసారి నా కాళ్ళు పట్టుకుని వదల్లేదు. చూడలేక నేనే అన్నాను, ఏడవకే, నీ బదులు ఒక బొమ్మని ఇక్కడ ఉంచి వెళ్ళు, నువ్వొచ్చేదాకా అది నాకు తోడుంటుంది అని. అంతే, ఏడుపు ఆపేసింది. అప్పట్నుంచి వెళ్ళబుద్ధి కాని రోజల్లా ఒకటి అంటించి వెళ్తుంది."

"ఓహో," అంది నానమ్మ.

"ఇక్కడ పని మీరు చూసుకోండి, నేను ఆ గదిలో పెట్టెలు కట్టేస్తాను," అని అమ్మమ్మ లేచి వెళ్ళింది.

నానమ్మ ఫ్రిజ్ వైపు చూస్తూ కూర్చుంది. వెళ్ళబుద్ధి కాని రోజల్లా ఒకటి! తలుపు నిండా, పక్కల నిండా, పిడి మీద కూడా. తన ఇంట్లో పిట్ట ఒక్కరోజంటే ఒక్కరోజు ఏడవలేదు. తల్లి రాకముందే చెప్పులు తొడుక్కుని, సంచి తగిలించుకుని, గుమ్మంలో కూర్చునేది. "బంగారు తల్లి, ఎంత బుద్ధిమంతురాలో, పేచీ అంటే ఏమిటో తెలియదు" అని వీధి వీధంతా చెప్పుకుని మురిసిపోయింది తను. వెళ్ళేటప్పుడు ఏడవడం లేదంటే ఉండబుద్ధి కావడం లేదని అర్థం. ఈ చిన్న సంగతి ఇన్నాళ్ళూ తన బుర్రకు తట్టలేదు.

నానమ్మకు కుళ్ళు పుట్టింది. ఆ వయసులో ఆ మాట ఒప్పుకోవడం సిగ్గే గానీ, దానికి వేరే పేరు లేదు. ఆ బాతుల్ని చూస్తే కన్నుకుట్టింది, ఎలుగుబంటిని చూస్తే కన్నుకుట్టింది. ఇల్లు ఊడవదు, కంచాలు సరిగా కడగదు, పిల్లకు తల కూడా తిన్నగా దువ్వదు. ఏం చేసిందని ఈవిడకు ఇంత ఏడుపు దక్కింది?

డ్రయ్యరు ఆపేసింది.

జిగురు సంగతి ఆ ఇంట్లో తెలిసింది ఆవిడ ఒక్కదానికే. వేడి తగిలితే జిగురు మెత్తబడి బొమ్మతో పాటే లేచి వస్తుంది. చల్లారాక ఇంకోచోట అంటుకుంటుంది. నూనె తగిలితే మాత్రం అది జిగురు కాదు, ఉత్త జిడ్డు. ఆ తర్వాత ఎన్ని తంటాలు పడ్డా ఆ బొమ్మ దేనికీ అంటదు. ఇవన్నీ తెలిసే ఆవిడ నూనె సీసా మూత తీసింది. గుడ్డ తడిపి, బొమ్మల అంచులు గోటితో లేపి, కింద వరస నుంచి మొదలుపెట్టి తలుపంతా పట్టించింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు అంటారు. ఇక్కడ దుత్త లేదు, బాతులున్నాయి.

కాసేపటికి తాడు కోసం వచ్చిన అమ్మమ్మ గుమ్మంలో ఆగింది. "అదేంటి వదినగారూ, డ్రయ్యరు ఆపేశారు?"

"వేడి ఎక్కువైతే ఫ్రిజ్ రంగు పచ్చబడుతుందండీ. ఇంటిగలావిడ ఊరుకుంటుందా? నూనే క్షేమం." నానమ్మ తల తిప్పకుండా చెప్పింది.

అమ్మమ్మ క్యాలెండరు కాగితం మీది చేప వైపు చూసింది. తర్వాత నవ్వింది. "సరే, మీకు తెలిసినంత నాకేం తెలుసు," అని తాడు తీసుకుని వెళ్ళిపోయింది.

బొమ్మలు నూనెలో బాగా నానాయి. బాతులు ఊడాయి, విమానాలు ఊడాయి, నక్షత్రాలు చేతికి అంటుకుని విదిలిస్తే రాలాయి. ఒక్కొక్కటీ పరిచిన వార్తాపత్రిక మీద జిడ్డు ముద్దగా పడుతుంటే నానమ్మకు హాయిగా లేదని చెబితే అది అబద్ధం. హాయిగానే ఉంది. పీట ఎక్కి పచ్చ మొసలిని లాగేటప్పుడు మరీ హాయిగా ఉంది. తర్వాత సబ్బునీళ్ళతో రెండుసార్లు తుడిచి, పొడిగుడ్డతో రుద్ది, వెనక్కి జరిగి చూసుకుంది. ఎక్కడా ఒక్క మచ్చ లేదు. ఇంటిగలావిడ ఇచ్చిన రోజున కూడా అది అంత తెల్లగా ఉండి ఉండదు.

మెట్ల మీద చిన్న అడుగుల చప్పుడు వినిపించింది. పిట్ట సంచితో సహా వంటింట్లోకి దూసుకొచ్చింది, వెనకే కోడలు. పిట్ట ఫ్రిజ్ ముందు ఆగిపోయింది. నానమ్మ చేతులు తుడుచుకుంటూ, ఆ అడగబోయే మాట కోసం చూసింది.

"అమ్మమ్మా," పిట్ట పక్క గది వైపు కేక వేసింది. "మన ఫ్రిజ్ ఏదీ?"

"అదేనమ్మా," అంటూ అమ్మమ్మ వచ్చింది. "నానమ్మ ఎంత బాగా తుడిచిందో చూడు."

"కాదు. ఇది నానమ్మ వాళ్ళ ఫ్రిజ్."

కోపంగా అనలేదు. ఈ చెప్పులు నావి కావు అన్నట్టు మామూలుగా అంది. తర్వాత వార్తాపత్రిక చూసింది. గొంతుకూర్చుని, ముద్దలోంచి ఒక బాతును వేలితో లాగి, ఫ్రిజ్ మీద పెట్టి అదిమింది. జారిపోయింది. తన అరచేతికి అంటించుకోబోయింది. అక్కడా జారిపోయింది. బాతును మళ్ళీ ముద్దలోనే పెట్టేసి, వేలు గౌనుకు తుడుచుకుని, ముందుగదిలోకి వెళ్ళిపోయింది. ఏడవలేదు.

"అయ్యో, ఇవేవీ బాగా రాలేదా అత్తయ్యా?" అంది కోడలు. "అమ్మ ఊరికి పట్టుకెళ్తానని ఇందాక ఫోన్‌లో అంది."

"ఏ ఊరికి?"

కోడలు తన తల్లి వైపు చూసి, గొంతు తగ్గించింది. "పిట్ట చెవిన పడుతుందని ఎవరికీ చెప్పలేదు. మా పెద్దమ్మకి, అదే అమ్మ వాళ్ళక్కకి, చూపు బాగా తగ్గిపోయింది. ఒక్కతే ఉంటోంది కదా, అమ్మ ఆవిడ దగ్గరికే వెళ్ళిపోతోంది. ఇప్పట్లో రావడం కుదరదు. పిట్ట మీ దగ్గరే ఉంటుంది. ఆదివారం ఆయనొచ్చి చెబుదామనుకున్నారు. అసలు ముందు అన్నది అమ్మే, వదినగారైతే పిల్లని కళ్ళలో పెట్టుకుని చూసుకుంటారు అని."

ఇంకా ఏదో చెబుతోంది గానీ నానమ్మకు వినిపించలేదు. ముందుగదిలో ఏదో పడిన చప్పుడైతే కోడలు అటు వెళ్ళింది. అమ్మమ్మ కూడా ఏదో గుర్తొచ్చినట్టు పక్కగదిలోకి వెళ్ళింది.

గెలిచింది నానమ్మే. పిల్ల తనదే, రోజూ, చీకటి పడేదాకా. ఆవిడ వార్తాపత్రికను రెండు చేతులా ఎత్తి తొట్టి దగ్గరకు తీసుకెళ్ళింది. వేడినీళ్ళు, సబ్బు, మళ్ళీ సబ్బు. ఎలుగుబంటిని గుడ్డ మీద ఆరబెట్టి, స్పిరిట్ అద్ది, తుడిచి, గోడ టైలుకు నొక్కి పట్టుకుంది. చెయ్యి తీయగానే పడిపోయింది. మొసలి పడిపోయింది. ఒక నక్షత్రం కాసేపు నిలబడినట్టే నిలబడి అదీ పడిపోయింది. ఊడదీసే ఉపాయం ఎవరు అడిగినా చెప్పగల మనిషి, అంటించే ఉపాయం ఒక్కటీ తెలియక తొట్టి దగ్గర నిలబడింది.

"పోనీలెండి వదినగారూ," వెనక నుంచి అమ్మమ్మ అంది. "మీరేం కావాలని చేశారా?"

ఆ మాటకు అవునని తల ఊపితే అయిపోయేది. ఊరూ వాడా ఎవరికీ తెలిసేది కాదు.

"కావాలనే చేశాను," అంది నానమ్మ. తొట్టి వైపే చూస్తూ అంది. "కుళ్ళు పుట్టింది నాకు. మా ఇంట్లో అది ఎప్పుడూ ఏడవలేదు. వేడితో తీస్తే అన్నీ మీకు మిగిలేవి. తెలుసు నాకు. తెలిసే నూనె పూశాను."

వెనక నవ్వు వినిపించలేదు. తిరిగి చూస్తే అమ్మమ్మ ఒక అట్టపెట్టె మీద కూర్చుని ఉంది. నవ్వు లేని ఆ ముఖాన్ని నానమ్మ అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఎవరో వేరే మనిషిలా, అలిసిపోయి ఉంది.

"నాకూ తెలుసు," అంది అమ్మమ్మ. "మొదటి చేప ఎలా వచ్చిందో చూశాగా. ఇల్లు సర్దుకోవడం రాదు గానీ, నేను గుడ్డిదాన్ని కాదు వదినగారూ."

"మరి చూస్తూ ఊరుకున్నారేం? చెయ్యి పట్టుకుని ఆపచ్చు కదా!"

"ఆపి? మీతో మాటా మాటా పెంచుకోనా? ఇకనుంచి పిల్ల మీ దగ్గర. నేను ఫోన్ చేస్తే ఎత్తి దాని చేతికివ్వాల్సింది మీరు. మీ అమ్మమ్మ అడుగుతోందే అని దానికి గుర్తుచెయ్యాల్సింది మీరు. ఇప్పుడు మీతో చెడితే నాకు ఏం మిగుల్తుంది?" అమ్మమ్మ చీర మీది దుమ్ము దులుపుకుంది. "మీరు బల్ల కొన్నారని, కొక్కెం కొట్టించారని మా అమ్మాయి చెప్పింది. వదినగారైతే బాగా చూసుకుంటారని నా నోటితోనే చెప్పి, లోపలికెళ్ళి తలుపేసుకున్నాను. నాకు మాత్రం లేదా కుళ్ళు? మీకు వస్తే తుడుస్తారు, నాకు వస్తే నవ్వుతాను. అంతే తేడా."

ఈలోగా ముందుగదిలోంచి పిట్ట గొంతు వినిపించింది. "అమ్మమ్మా!"

ఆ పిలుపు వింటే అప్పుడు కూడా, అంత జరిగాక కూడా, నానమ్మకు చురుక్కుమంది. అమ్మమ్మ లేవబోయి, సగంలో ఆగి, మళ్ళీ పెట్టె మీద కూర్చుంది.

"మీరు వెళ్ళండి," అంది.

"పిలిచింది మిమ్మల్ని."

"తెలుసు. ఇప్పట్నుంచే అలవాటు కావాలి కదా. దానికీ, నాకూ. వెళ్ళండి వదినగారూ."

నానమ్మ చేతులు తుడుచుకుని ముందుగదిలోకి వెళ్ళింది. కోడలు బాల్కనీలో ఫోన్ మాట్లాడుతోంది. పిట్ట అట్టపెట్టెల మధ్య నేల మీద కూర్చుని, బూటు తాడు ముడిపడిపోతే విప్పలేక రెండు చేతులా లాగుతోంది.

"ఏంటమ్మా?" అంది నానమ్మ.

పిట్ట తలెత్తి ఆవిడను చూసింది. కాస్త పక్కకు వంగి, ఆవిడ వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని వంటింటి గుమ్మం వైపు చూసింది.